అందరూ తిన్నాక

"మా అమ్మ మరీ చిక్కిపోయింది" అంది మా వదిన, మా ఆయన అక్క ఇందుజ, నా మొహం వైపు చూడకుండా ఫ్రిజ్‌లోకి చూస్తూ.

తణుకు నుంచి ఆవిడ వచ్చినప్పుడల్లా ముందు తీసేది ఆ ఫ్రిజ్ తలుపే. అందులో నిన్నటి కూర కనబడిందా, ఇక చెప్పక్కర్లేదు. నేను అప్పుడు పొయ్యి దగ్గర నిలబడి అత్తయ్య గారి కోసం అన్నం గరిటెతో మెదుపుతున్నాను. ఆ పూటకి అది మూడో రకం వంట. చెయ్యి పడకుండా తిరిగొచ్చిన గిన్నెలు సింకు పక్కన అలాగే ఉన్నాయి. వదిన గారి కంటికి అవి ఆనలేదు. "పెట్టేవాళ్ళు ప్రేమగా పెడితే తింటారు గాయత్రీ, పెద్దవాళ్ళు పసిపిల్లలతో సమానం" అంది. నా నాలుక దురద పెట్టింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాను.

మా అత్తయ్య గారి పేరు రాజ్యం. డెబ్బై దాటాయి. డిమెన్షియా అని భీమవరంలో డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. మామయ్య గారు, జనార్దనరావు గారు, బతికున్నన్నాళ్ళూ కలిదిండి దగ్గర చేపల చెరువులు చేశారు. ఆయన పోయాక చెరువులు లీజుకిచ్చేసి అందరం ఆకివీడులో ఉంటున్నాం. మా ఆయన ఫణికిరణ్‌కి చేపల మేత షాపు. నాది ఆక్వా ల్యాబ్‌లో ఉద్యోగం. రైతులు సీసాల్లో చెరువు నీళ్ళూ, కవర్లలో రొయ్యలూ పట్టుకొచ్చి "మేత తీసుకోట్లేదమ్మా, ఏంటో చూడండి" అంటారు. నేను చూసి చెప్తాను. పెళ్ళైన ఏడాది నుంచీ అదే పని. మా ఇంట్లో మాత్రం దాన్ని గాయత్రి కాలక్షేపం అంటారు.

ఆ రోజు వదిన కాఫీ తాగి కప్పు నా చేతికిస్తూ ఉండగానే మా ఆయన తీర్మానం చెప్పేశారు. "అమ్మని ఎక్కడికీ పంపేది లేదు. హోమ్ కేరే." ఇంగ్లీషులో అనేసరికి అదేదో బయటి నుంచి వచ్చి చేసే సౌకర్యంలా వినబడింది. "ఎవరు చేస్తారండీ?" అన్నాను. "మనమే" అన్నారు. మా ఇంట్లో మనం అంటే నేను. "నువ్వు ల్యాబ్ మానేస్తే సరిపోతుంది కదా. తర్వాత ఎప్పుడైనా మళ్ళీ చేరొచ్చు" అన్నారు, కాఫీ మానేయమన్నంత తేలిగ్గా. పోనీ పగటి పూట మనిషిని పెట్టుకుందామంటే అదివరకోసారి పెట్టాం. పరాయి మనిషిని వంటింట్లోకి రానిస్తారా అని వదిన ఫోన్లోనే సాధించి ఆ అమ్మాయిని పంపించేసింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారే, అలా ఉంది నా పని.

మా అత్తయ్య గారు చెడ్డావిడ కాదు. పద్ధతి మనిషి. నేను కాపురానికి వచ్చిన మర్నాడే చెప్పారు. "మగవాళ్ళు తిన్నాక పనోళ్ళు. అందరూ తిన్నాక మనం. గుర్తుంచుకో అమ్మాయ్." మామయ్య గారు తిని లేచిన కంచంలోనే ఆవిడ వడ్డించుకునేవారు. ఆ ఒక్కటీ నావల్ల కాదన్నాను. ఆవిడ కోప్పడలేదు, "చదువుకున్నదానివి, నీ ఇష్టం" అన్నారు. కానీ ఆఖర్న తినడం మాత్రం నాకు ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు. చల్లారిన పప్పుచారు రుచే పప్పుచారు రుచి అనుకునే దాకా వచ్చాను.

అసలు ఆవిడ ఎందుకు తినట్లేదు? ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ ప్రశ్నగా తోచలేదు. వదినకి అది నా తప్పు, మా ఆయనకి ఆవిడ మొండితనం, డాక్టరుకి జబ్బు. నాకు మాత్రం తెలుసుకోవాలన్న దురద పట్టుకుంది. రొయ్య మేత తినకపోతే మేం రొయ్యని తిట్టం, నీళ్ళు చూస్తాం. పళ్ళు చూపించాను, బాగానే ఉన్నాయి. మందులు మార్పించాను. ఒక ఆదివారం ఏ పనీ పెట్టుకోకుండా వంటింట్లో ఆవిడ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని ఊరికే చూశాను. పప్పూ నెయ్యీ వేసిన అన్నాన్ని ఆవిడ ఎంత శ్రద్ధగా కలిపారని! ఆకలేస్తోందని తెలుస్తూనే ఉంది. కలిపి, పైన ఇంకో కంచం బోర్లించి, పక్కకి జరిపేశారు.

"తినరేం అత్తయ్య గారూ?"

"వాళ్ళు రానీయమ్మా."

"ఎవరండీ?"

"చెరువు కాడ్నించి. ఇవాళ చేపల పట్టుబడి కదా, ఆలస్యమవుద్ది."

ఆహా అనుకున్నాను. లేచి మామయ్య గారి పాత కంచం వెతికి, దానికి కాస్త కూర పులిమి, రెండు మెతుకులు అంటించి కుళాయి దగ్గర పెట్టాను. "మామయ్య గారు తినేశారండీ, చూడండి" అని ఆవిడని అక్కడికి తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ మొహం విచ్చుకుంది. ఆ కంచమే తెచ్చుకుని అందులో అన్నం పెట్టుకున్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. "పిల్లోడు తిన్నాడా?" అన్నారు. షాపులో ఉన్న పిల్లోడికి ఫోన్ చేసి రప్పించాను. నలభై ఏళ్ళు దాటిన పిల్లోడు సణుక్కుంటూ వచ్చి ఆవిడ ఎదురుగా తిని వెళ్ళాడు. "కూలీలు?" తిన్నారండీ. "లారీ డ్రైవరు?" వాడూ తిన్నాడండీ. ముద్ద నోటి దాకా వెళ్ళింది. ఆగింది. "మామయ్య గారొచ్చారా అమ్మాయ్?"

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. చివరివాళ్ళు తినేసరికి మొదటివాళ్ళు తిన్నది ఆవిడ మర్చిపోతున్నారు. అంటే మా ఇంట్లో అందరూ తినడం అనేది ఇక ఈ జన్మలో పూర్తి కాదు. ఆవిడ ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ ఎండిపోతారు. మా ఆయనకి చెప్తే "నీ ల్యాబ్ బుద్ధులన్నీ మా అమ్మ మీద ప్రయోగించకు" అన్నారు.

ఆ వారమే కలిదిండి వైపు చెరువుల్లో రొయ్యకి వైట్ స్పాట్ జబ్బు తగిలింది. ల్యాబ్ నిండా రైతులు, కవర్లు, ఏడుపులు. నేను కదలడానికి లేదు. అత్తయ్య గారిని మా ఆయన చూసుకున్నారు. రెండో రోజే ఆవిడ కూలీలని భోజనానికి పిలుచుకొస్తానని రోడ్డెక్కి చేపల లారీకి అడ్డం వెళ్ళారు. డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం మా ఆయనే ఎవరెవరికో ఫోన్లు చేసి ఏలూరులో మతిమరుపు ఆడవాళ్ళని చూసుకునే ఇల్లొకటి వెతికారు. "ఈ గొడవ తగ్గేదాకా నాలుగు రోజులు పెడదాం. ఎవరితోనూ అనకు" అన్నారు. అమ్మ తణుకు వెళ్ళిందని ఆయన ఇక్కడ చెప్పారు. అమ్మ ఆకివీడులోనే ఉందని వదిన అక్కడ చెప్పింది. ఏం కుటుంబమండీ మాది!

ఆ ఇల్లు నడిపే ఆవిడ సలోమి, వెనక నర్సుగా చేసిందట. రెండు రోజులకి ఫోన్ చేసింది. "బాగా తింటున్నారండీ. పులుసు మారు కూడా వేయించుకున్నారండీ" అంది. అబద్ధం అనుకున్నాను. నిజమేమోనని కూడా అనిపించింది. ఇన్నాళ్ళు మూడు రకాలు వండి బతిమాలినా దిగని ముద్ద, ఎవరో వండితే దిగిందా? ఉండబట్టలేక ల్యాబ్‌లో పూట సెలవు అడిగి కైకలూరు మీదుగా ఏలూరు బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి భోజనాల వేళ. హాల్లో పొడుగాటి బల్లలు వరసగా వేసి ఉన్నాయి. బల్లలకి ఒకే పక్కన అందరూ ఆడవాళ్ళే కూర్చున్నారు. ఇద్దరు అమ్మాయిలు బకెట్లతో ఈ చివర నుంచి ఆ చివరికి వడ్డించుకుంటూ వెళ్తున్నారు. మా అత్తయ్య గారు కొంగు భుజం మీదుగా కప్పుకుని, నడుం నిటారుగా పెట్టుకుని, వేడన్నం ఊదుకుంటూ తింటున్నారు. తల ఎత్తి గట్టిగా కేకేశారు. "ఇటు చూడండమ్మా! ఈ బంతిలో వాళ్ళని మర్చిపోయారా?" ఆవిడ గొంతులో ఆ దర్జా నేను ఎప్పుడూ వినలేదు. నెయ్యి రెండోసారి వేయించుకుని పక్కావిడతో "మగపెళ్ళివారమండీ మనం, ఆ మాత్రం మర్యాద జరగాలి" అన్నారు.

నేను గుమ్మం పక్కనే గోడకి ఆనుకున్నాను. సలోమి వచ్చి "పూట పూటా అంతేనండీ, ఎవరి పెళ్ళండీ అని అడుగుతారు. మొదటి రోజు పెళ్ళి కాదండీ అని చెప్పాను. ఇప్పుడు మా అమ్మాయి పెళ్ళే అంటున్నానండీ" అంది నవ్వుతూ. బల్లలు ఇలా వేయడం ఏదైనా పద్ధతా అని అడిగాను. "పద్ధతేం లేదండీ, హాలు ఇరుకు. వేరేగా వేస్తే నడవడానికి ఉండదండీ" అంది.

తిరుగు బస్సులో కొల్లేరు దాటుతున్నంతసేపూ అదే ఆలోచన. ఎక్కడి నీళ్ళలో తేడా ఉందో నాకిప్పుడు అర్థమైంది. డెబ్బై ఏళ్ళలో మా అత్తయ్య గారు వేడిగా, కూర్చుని, ఇంకొకరు వడ్డిస్తుంటే, వెనక ఎవరు తినాలో లెక్క చూసుకోకుండా తిన్న భోజనాలు ఎక్కడివి? పరాయివాళ్ళ పెళ్ళిళ్ళలోవే. ఇంట్లో ఉంటే సుఖంగా ఉంటుంది అంటాం. ఎవరికి? ఆవిడకి ఇల్లంటే పని. పేర్లు పోయాయి, ఊళ్ళు పోయాయి, మొగుడు పోయిన సంగతే పోయింది, డ్యూటీ మాత్రం పోలేదు. మతి కంటే డ్యూటీ ఆయుష్షు ఎక్కువా అని ఆశ్చర్యపోయాను. అక్కడితో ఆగితే బాగుండేది, ఆలోచన నా మీదికి మళ్ళింది. రేపు నా మతి పోతే ఏం మిగులుతుంది? పాలు తోడు పెట్టారా, మోటారు కట్టారా, బట్టలు లోపలికి తెచ్చారా అని అడుగుతూ తిరుగుతానా? ఇన్నేళ్ళు మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి చూసినదానిలో ఒక్క రొయ్యయినా గుర్తుంటుందా? సమాధానం తెలీదు. తెలుసుకోవాలని మాత్రం చాలా ఉంది, ఉద్యోగం మానేస్తే మిగిలేది ఏమిటో ఇప్పుడే చెప్పగలను.

మళ్ళీ వచ్చిన ఆదివారం మా ఆయనా వదినా కారు వేసుకుని ఆవిడని తీసుకురావడానికి బయల్దేరారు. నన్నూ ఎక్కించుకున్నారు. నేను రేపు ల్యాబ్‌లో చెప్పి మానేయాలన్నది వాళ్ళిద్దరూ ముందే అనుకున్న మాట. దారిలో నేను చూసిందంతా చెప్పాను. వదిన కొట్టిపారేసింది. "పెళ్ళనుకుని తింటోందా? అంటే మతిలేక తింటోందన్న మాట. అదీ ఒక తిండేనా?"

"ఇంట్లో పద్ధతి గుర్తుండి మానేస్తున్నారు వదిన గారూ. అది మంచిదా?"

"నలుగురికీ ఏం చెప్పుకోమంటావు గాయత్రీ?"

"నలుగురూ వచ్చి ఒక పూట ముద్ద తినిపించమని చెప్పండి." మా ఆయన అద్దంలోంచి నా వైపు చూశారు. కిటికీ బయటికి తిరిగి కూర్చున్నాను.

మేం వెళ్ళేసరికి బంతి సగంలో ఉంది. అత్తయ్య గారు కూర నంజుకుంటూ తింటున్నారు. మా ఆయన గుమ్మంలోంచి "అమ్మా" అన్నారు. ఆవిడ తలెత్తారు. ఎంత సంతోషమో ఆ మొహంలో! ఆ సంతోషంతోనే ముద్ద కంచంలో వదిలేసి లేచి నిలబడ్డారు. "వచ్చావా నాన్నా! కూచో కూచో" అంటూ తను కూర్చున్న చోటు కొంగుతో తుడిచి, వడ్డించే అమ్మాయి చేతిలో గరిటె లాక్కున్నారు. "ఇలా ఇవ్వమ్మా, మావాడికి నేను పెడతా."

"నేను తినొచ్చానమ్మా, నువ్వు తిను" అన్నారు మా ఆయన.

"నాన్నగారు రాలేదేరా? పట్టుబడి అవ్వలేదా?" అన్నారు ఆవిడ. గరిటె పట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నారు. వెనక కంచంలో కలిపిన అన్నం చల్లారిపోతోంది. మా ఆయన ఆ కంచాన్ని చూశారు, వాళ్ళమ్మని చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఆయన మీదున్న కోపం పోలేదు గాని, ఆ మనిషి మీద జాలి కలిగింది. అంత ప్రేమించే తల్లి నోటికి తనే అడ్డమని ఏ కొడుక్కి తెలుసుకోవాలని ఉంటుంది?

"ఏవండీ, మీరిద్దరూ కాసేపు బయట నిలబడండి" అన్నాను.

"కన్నకొడుకుని బయట నిలబెడతావా?" అంది వదిన.

"ఆవిడ తినాలంటే అంతేనండీ."

వదిన ఇంకా ఏదో అనబోయింది. మా ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళిపోయారు. నేను వెళ్ళి అత్తయ్య గారి పక్కన కూర్చున్నాను. వడ్డించే అమ్మాయి అడక్కుండానే నా ముందూ కంచం పెట్టి అన్నం వేసింది. అత్తయ్య గారు కాసేపు గరిటెతో అలాగే నిలబడి, ఎందుకు లేచారో మర్చిపోయి, మెల్లగా కూర్చున్నారు. నా వైపు తిరిగారు. నన్ను పోల్చుకోలేదు.

"మీరు ఆడపెళ్ళివారి వైపా అండీ?"

"మగపెళ్ళివారేనండీ."

"మరింకేం, మొహమాటం దేనికి? వేయించుకోండి, వేయించుకోండి." నా కంచంలోకి పప్పు ఆవిడే పిలిచి వేయించారు. ఇద్దరం తిన్నాం. వేడి వేడి పప్పు. ఆవిడ ఎవరి గురించీ అడగలేదు. మజ్జిగ దాకా వచ్చాక నేను అడిగాను, మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఆవిడని అడగని మాట.

"ఇంటికి వెళదామా అండీ?"

ఆవిడ చెయ్యి ఆపి నిజంగానే ఆలోచించారు. తర్వాత నా వైపు వంగి, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించారు. "అప్పుడేనా? పెళ్ళయ్యాక కూడా నాలుగు రోజులుండి వెళ్దామండీ. ఇంటికెళితే మళ్ళీ మామూలేగా!"

చెయ్యి కడుక్కుని బయటికి వచ్చాను. వదిన కారు వెనక సీట్లో వాళ్ళమ్మ కోసం దిండు సర్దుతోంది. మా ఆయన ఎదురొచ్చారు.

"రేపు నేను ల్యాబ్‌కి వెళ్తున్నానండీ" అన్నాను.

"మరి అమ్మ?"

"అడిగానండీ. రానన్నారు."