కాకి ముట్టని ఆకు

ముందు తీగ ఊగేది.

తర్వాత వాసన. తర్వాత కాకులు... కరెంటు తీగ వంగిపోయేటన్ని కాకులు.

చింతామణి ఊళ్లో కూరగాయల మార్కెట్టు వెనక, సుజాతమ్మ వాళ్ల వీధి మొదట్లో ఒక మూల. కుళ్లిన టొమాటోలు, పెళ్లిళ్ల విస్తళ్లు, పసిపిల్లల గుడ్డలు — వీధి వీధంతా అక్కడే పారేసేది. పారేసి, ముక్కు మూసుకుని పోయేది. మళ్లీ చెత్త ఎత్తలేదని నగరసభవాళ్లను తిట్టేదీ వాళ్లే!

సుజాతమ్మకు ఒళ్లు మండింది. కొంగు బిగించింది. ఆదివారం ఆదివారం వీధిలోని ఆడవాళ్లను పోగేసింది. ఎత్తారు. కడిగారు. గోడకు సున్నం కొట్టారు. మళ్లీ ఎవరైనా పారేస్తారేమోనని ఆ మూలలోనే రోజూ ముగ్గేశారు. ముగ్గు మీద చెత్త వేయడానికి ఎవరికి చేతులొస్తాయి!

వాసన పోయింది.

కాకులూ పోయాయి. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

ఒక్కడు గమనించాడు. ఆమె మొగుడు, కిరాణా అంగడి శ్రీనివాసమూర్తి. పొద్దున్నే మిద్దె మీద కాకికి ఇడ్లీ వేయనిదే తాను ముద్ద ముట్టడు. కాకులు రావడం మానేస్తే, ఒకనాడు అరిటాకులో ఇడ్లీ పెట్టుకుని ఆ మూలకే పోయాడు. ముగ్గు నడుమ ఆకు పెట్టాడు.

సుజాతమ్మ చూసింది. చేతిలో చీపురు. వెనక ఆడవాళ్లందరూ.

"ఎత్తండి! ఊరికొక న్యాయం, మనింటికొక న్యాయమా?"

వంగి ఎత్తాడు. వంగినప్పుడు భుజాలు కదిలాయి. ముఖం అటువైపు ఉంది.

ఆ వారంలోనే ఆయన గుండె ఆగింది. అంగట్లో, తక్కెడ ముందర.

ఆ పొద్దు వంగినప్పుడు ఏడ్చాడా, నవ్వాడా...?

దినాలనాడు మిద్దె మీద ఆకు వేశారు. అన్నం, వడ, పాయసం, ఆయనకు ప్రాణమైన వంకాయ. అందరూ పక్కకు జరిగారు. కాకి ముట్టాలి. ముడితేనే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముడితేనే ఇంటివాళ్లు ముద్ద తినాలి.

ఆకాశం ఖాళీగా ఉంది.

"కా... కా..." అని అల్లుడు గిరీశ్ గొంతు ఎండేదాకా పిలిచాడు.

"ఏదో మనసులో పెట్టుకోనుండాడమ్మా" అంది పక్కింటి తిమ్మక్క. "మాటియ్యి. మాటిస్తే వస్తాది."

సుజాతమ్మ మాట ఇచ్చింది. అంగడి మూయనంది. కూతురు నయన కాన్పు తానే చేస్తానంది. ఇంకేం కావాలి నీకు అని లోపల్లోపల ఏడ్చింది. చెప్పాల్సిన అసలు మాట మాత్రం నోటికి రాలేదు.

ఎండ ఎక్కింది. పాయసం మీద మీగడ కట్టింది. కింద పిల్లలు ఆకలికి గునుస్తున్నారు.

"చాకవేలు దిక్కు చేన్లల్లో కాకులుండాయి. కార్లో ఆకు తీసకపోదామా?" అన్నాడు గిరీశ్.

"ఆవుకు పెట్టేయండప్పా, తప్పు లేదు" అన్నాడు పురోహితుడు. ఆయనకు బాగేపల్లిలో ఇంకో ఇంట్లో దినాలు చేయించేది ఉంది. ఆయన తొందర ఆయనది.

"కాకులు యాడొస్తాయి?" తిమ్మక్క గొణిగింది. "చెత్త ఉన్నప్పుడు తీగ నిండా ఉండె. మనమే గదా ఊడ్సి పారేసింది."

అలిగి రాలేదా... కాకులే లేక రాలేదా... చెప్పగలిగినవాడు ఒక్కడే. ఆయన రావాల్సింది ఈ ఆకు దగ్గరికే.

సుజాతమ్మ ఆకును రెండు చేతులా ఎత్తుకుంది. మెట్లు దిగింది. వీధి అంతా చూస్తుండగా ఆ మూలకు పోయింది. ఆయన పెట్టినచోటే, ముగ్గు నడుమ, పెట్టింది.

ఆ ముగ్గు పొద్దున వినుత వేసింది. ఎదురింటి పిల్ల, ఆదివారం గుంపులో సుజాతమ్మకు కుడిభుజం. గడపలో నిలబడి చూసింది.

"ఆ పొద్దు... అందరి ముందర..." సుజాతమ్మ పెదవులు కదిలాయి. "తప్పయిపాయ. తినండి."

తీగ కదల్లేదు.

ఈగలు వచ్చాయి. పాయసం చుట్టూ, వడ చుట్టూ. పాత వాసన... కొంచెం కొంచెంగా... లేచింది. ఈ ఆకు ఇక్కడే వదిలిపోతే రేపు పక్కన ఇంకొకటి పడుతుంది. ఎల్లుండికి ఆ మూల మళ్లీ ఆ మూలే. వీధి అంతా ఆమె చేతులనే చూస్తోంది.

ఊరికొక న్యాయం... మనింటికొక...

వంగింది. ఆకు అంచు పట్టుకుంది. భుజాలు కదిలాయి — ఈసారి ఆమెవి. ఏడుపో, నవ్వో... వెనకనుంచి చూసేవాళ్లకు తెలియదు.

అప్పుడు నెత్తి మీద తీగ ఊగింది.

తలెత్తితే, వాలింది కాకైతే ఎగిరిపోతుందేమో. ఎత్తకపోతే... కాకో, ఉత్త గాలో తెలిసేదెలా.

ఆకు ఎత్తలేక, వదల్లేక, సుజాతమ్మ అలాగే వంగి ఉండిపోయింది.

తీగ ఊగుతూనే ఉంది...