లింకు తెగని మధ్యాహ్నం

కల్మల ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు శరణమ్మ ఫోన్ చేసేసరికి సంజన రాయచూరు ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తోంది.

"మల్ల లింకు తెగిందమ్మా. తిప్పన్నకు ఛాతిల నొప్పి. ఈసీజీ పంపుతుంటె నడిమిట్లనె ఆగిపాయె. మూడుసార్లు పంపిన. రాయచూరుల డాక్టర్ చూసి మందు చెప్పెటాల్లకు ఇరవై నిమిషాలు పోయినయి. నీకు కంప్యూటర్ల ఒక ఎర్ర గీత కనపడతది. నాకు ఈడ మనిషి కనపడతడు."

తిప్పన్న బతికాడు. కానీ ఆ రోజు సంజన అన్నం తినలేదు.

ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాలను పట్నం డాక్టర్లతో టవర్ల మీది రేడియోల ద్వారా కలిపే చిన్న కంపెనీ అది. ఒక్కో సెంటరు లింకులోని రేడియోలన్నీ ఒకే క్లాకు తాళానికి నడవాలి; ఆ క్లాకు, ఆఫీసు మేడ మీద ఆ లింకు కోసం పెట్టిన జీపీఎస్ యాంటెన్నా నుంచి వస్తుంది. బజారులో స్విచ్చులూ వైర్లూ అమ్మేవాళ్ల ఇంట్లో పుట్టిన సంజన అందులో చేరి రెండేళ్లయింది. ఇరవై నాలుగేళ్లకే నాలుగు సెంటర్ల లింకులు ఆమె చేతిలో ఉన్నాయి.

మేనేజర్ వాదిరాజ్ మేడ మీదికి వెళ్లి చూసి వచ్చాడు. "జీపీఎస్ యాంటెన్నా వైరు లూజుగుండె. బిగించిన. ఇగ పరేషాన్ లేదు."

తొమ్మిది రోజులు నిజంగానే ఏ ఇబ్బందీ రాలేదు. పదో రోజు వాన పడి వైరులోకి నీళ్లు దిగాయి. లింకు మళ్లీ తెగింది.

"ఒక క్లాకు పోతె ఇంకొకటి ఉన్నది గద బిడ్డా," అన్నాడు పంపాపతి. టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక ఈ కంపెనీలో చేరిన టెక్నీషియన్ ఆయన. "ఫైబర్ మీద వచ్చే రెండో క్లాకుకు మారాలె. మారుతున్నది గూడ. మరి ఎందుకు తెగుతున్నది?"

సంజన రెండు క్లాకులనూ ఆసిలోస్కోపు తెర మీద పక్కపక్కన పెట్టింది. రెండు అలలూ ఒకే వేగంతో నడుస్తున్నాయి. కానీ ఒకదాని శిఖరం రెండోదాని కంటే కొద్దిగా వెనక ఉంది. అప్పుడు ఆమెకు విషయం అర్థమైంది.

కల్మల లింకు రేడియోలకు క్లాకు అందించే కార్డులో ఉన్న పీఎల్ఎల్ సర్క్యూటు పనే బయటి క్లాకును విని, తన లోపలి క్లాకైన క్రిస్టల్‌ను దానితో అడుగు కలిపించడం. బయటి క్లాకు ఉన్నట్టుండి మారగానే, ఆ రెంటి మధ్య ఉన్న తేడాను అది తన తప్పే అనుకుంటోంది. వెంటనే దిద్దుకోవాలని పరుగు తీస్తోంది. ఆ పరుగుకు టవర్ల మీది రేడియోలన్నీ లెక్క తప్పి పడిపోతున్నాయి.

"అది ఉరకొద్దు కాకా," అంది సంజన. "మారేటప్పుడు రెంటికీ తేడా ఎంతనో కొలిచి గుర్తు పెట్టుకోవాలె. కొలిచేదాంక ఇంతకుముందు ఎట్ల నడుస్తుండెనో అట్లనె నడవాలె. ఆ తర్వాత అంత తేడాను తప్పు కింద లెక్కపెట్టొద్దు."

వాదిరాజ్ మొదట ఒప్పుకోలేదు. కార్డు ప్రోగ్రాం రాసిన మనిషి కంపెనీ వదిలి ఎప్పుడో వెళ్లిపోయాడు. "ముట్టుకుంటె ఉన్నది గూడ పోతది," అన్నాడు. చివరికి అలమారాలోంచి ఒక స్పేర్ కార్డు తీసి ఇచ్చాడు. "దీని మీద ఏమన్న చేసుకో. నడుస్తున్నదాని జోలికి మాత్రం పోకు."

పన్నెండు రోజులు పట్టింది. మొదటి పరీక్షలో క్లాకు మార్చగానే అల అంతకుముందు కంటే పెద్దగా ఎగిరింది. సంజన బల్ల మీద తల పెట్టుకుంది.

"నాతోని కాదు కాకా."

పంపాపతి కళ్లద్దాలు సరిచేసుకుని తెర మీది గడులు లెక్కపెట్టాడు. "పాత ప్రోగ్రాంతోని ఎన్ని గడులు ఎగురుతుండె?"

"మూడు."

"ఇప్పుడు ఆరు. వేరే ఏదన్న చెడిపోయి ఉంటె నాలుగున్నరనో అయిదో అయితుండె. సరిగ్గ రెండింతలే ఎందుకైంది బిడ్డా?"

సంజన తలెత్తింది. ప్రోగ్రాం తెరిచి చూసింది. తేడాను తీసెయ్యాల్సిన చోట కలిపింది. ఒకే ఒక్క గుర్తు తారుమారైంది. ఆమె పెద్దగా నవ్వేసరికి పక్క గదిలోంచి వాదిరాజ్ తొంగి చూశాడు.

గుర్తు మార్చాక, వాదిరాజ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు వందల సార్లు క్లాకు మార్చి చూసింది. అల కదల్లేదు. నలభయ్యోసారికే వాదిరాజ్ "చాలమ్మా" అన్నా ఆమె ఆపలేదు.

వాదిరాజ్ ఒప్పుకుని ఆ స్పేర్ కార్డును కల్మల లింకుకు పెట్టనిచ్చిన రోజు మధ్యాహ్నం, అక్కడ రోగులంతా వెళ్లిపోయాక శరణమ్మను వీడియోలోకి పిలిచింది.

"యాంటెన్నా వైరు తీస్త అక్కా. మీరు తెర దిక్కు చూసుకుంట ఏదన్న మాట్లాడుండ్రి."

"ఏం మాట్లాడాలె? ఆ తిప్పన్న సంగతి చెప్పనా? రోజు పొద్దుగాల నడుస్తున్నడు. బీడీ మానెయ్ అంటె మాత్రం చెవిన పెట్టడు. నిన్న వాని పెండ్లాం ముందట్నె తిట్టిన. నవ్వుతడు! మందులు మాత్రం బరాబర్ వేసుకుంటున్నడు..." కాసేపయ్యాక ఆమెకు విసుగొచ్చింది. "ఏందమ్మా, వైరు ఎప్పుడు తీస్తవ్? నాకు పని లేదనుకున్నవా?"

"తీసి నాలుగు నిమిషాలైంది అక్కా."

శరణమ్మ కెమెరాకు మరీ దగ్గరగా వచ్చింది. తెర నిండా ఆమె కళ్లే. "అబద్ధం! మల్ల తీయ్, చూస్త."

సంజన ఆరుసార్లు వైరు పెట్టి తీసింది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. వెనక నిలబడి చూస్తున్న వాదిరాజ్ గొంతు సవరించుకున్నాడు. "మిగతా మూడు సెంటర్లకు గూడ ఇదే పెట్టుండ్రి. ఎట్ల చేసిన్రో అంత రాసి, కింద మీ ఇద్దరి పేర్లు వెయ్యుండ్రి."

జూలైలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు సంజన లెక్క తీస్తే క్లాకు పదకొండుసార్లు మారినట్టు కనిపించింది. వెంటనే కల్మలకు ఫోన్ చేసింది.

"అక్కా, లింకు ఎట్లుంది?"

"లింకుకేమైతది? మంచిగనె ఉన్నది. జర ఫోన్ పెట్టెయ్ తల్లీ, ఈడ జనం నిలబడ్డరు."

అవతల ఫోన్ కట్టయింది. సంజన పంపాపతి వైపు తిరిగింది. "అక్క తిట్టింది కాకా," అంది సంబరంగా.