స్థిరాస్తి కాని మేడ

ప్రతి పొద్దునా వడ్రంగి సముద్రం వైపు కిటికీలతో పని మొదలుపెడతాడు. మేడకు మొత్తం అరవై రెండు కిటికీలు, ఒక్కో రెక్కకు పద్దెనిమిది బద్దలు. ఉప్పుగాలికి ఉబ్బి బిగుసుకున్న బద్దను ఊడదీసి, చిత్రిక పట్టి, మళ్ళీ కూర్చి, వేలితో తోస్తే వాలేదాకా వదలడు. చివరి కిటికీ బాగయ్యేసరికి మొదటిది మళ్ళీ బిగుసుకుంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస.

తర్వాత కొలకర్ర తీసుకుని వెనక మెట్టు దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి వీధి దీపం స్తంభం దాకా కొలుస్తాడు.

"పెద్దమ్మ మళ్ళీ కాస్త జరిగింది," అని ఎదుటి కొట్లో దర్జీకి చెబుతాడు.

"నా కొట్టు మీదికి రాకుండా చూసుకో," అంటాడు దర్జీ, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా.

పెద్దమ్మ అంటే మేడే. నూటపదేళ్ళ కిందట ఓడల వ్యాపారి ఒకాయన కట్టించాడు. సముద్రం ముందుకొస్తే మేడ వెనక్కి జరుగుతుంది, కాళ్ళు తడుపుకోవడం ఇష్టంలేని మనిషిలా. స్తంభాల వరండా, ఇనప మెలికల మెట్లు, తలుపుల మీద అర్ధచంద్రాకారపు రంగుటద్దాలు, అన్నీ కలిసే వస్తాయి. గేటు మాత్రం రాలేదు. అది ఇప్పుడు నడుములోతు నీళ్ళలో ఒంటరిగా నిలబడి ఉంది. కరెంటువాళ్ళు ఏటా వచ్చి తీగను కాస్త కురచ చేసి పోతారు. నీళ్ళగొట్టం మొదటినుంచీ రబ్బరుదే.

చిక్కల్లా ఫారంతో వచ్చింది.

వ్యాపారి వారసులు మేడను ఒక కాంట్రాక్టరుకు అమ్మేశారు. అక్కడ హోటలు కడతాడట. కూల్చడానికి అనుమతి కాగితం తెచ్చుకున్నాడు, సోమవారం నుంచి అమలు. ఈలోగా పాత కట్టడాల శాఖ జాబితాలోకి ఎక్కితే మేడ బతుకుతుంది. ఎక్కకపోతే మేడా పోతుంది, దాని వెనక గదిలో ఉంటున్న వడ్రంగికి నీడా పోతుంది.

జాబితా కోసం కొలతలు తీయడానికి శాఖ పంపినావిడను వీధంతా కొలతలమ్మ అనేవారు. ఏదైనా మూడుసార్లు కొలిస్తే గానీ రాసుకోదు. పని మధ్యలో ఇంటికి ఫోను చేసి, "తలుపు గడియ వేశారా? వేశాక లాగి చూశారా? చెల్లి చేత కూడా లాగించు," అని పెద్దపిల్లను వేధిస్తుంది. అలాంటి మనిషి పంపిన ఫైలు మూడుసార్లు తిరిగొచ్చింది.

శాఖ ఆఫీసులో గుమాస్తా ఫైలు తిప్పుతూ నిట్టూర్చాడు. "వీధి స్తంభానికీ మేడకీ దూరం ఒకసారి నలభై ఒక్క అడుగులు. ఇంకోసారి నలభై. ఇప్పుడేమో ముప్పై తొమ్మిది. మీరు టేపుతో కొలుస్తున్నారా, అంచనాతోనా?"

"మేడ జరుగుతోంది సార్. మీకూ తెలుసు కదా."

"తెలుసమ్మా. మా మామగారిది ఆ వీధే. నాకు తెలిస్తే సరిపోతుందా? ఫారానికి తెలియాలి కదా." వేలితో ఒక గడి చూపించాడు. "ఇక్కడ ఏముంది? స్థిరాస్తి. కదిలేదాన్ని స్థిరాస్తి అని నేనెలా రాస్తాను?"

"అయితే చరాస్తి అని రాయండి."

"చరాస్తులు మ్యూజియం వాళ్ళవి, మూడో అంతస్తు. వాళ్ళు అద్దాల పెట్టెలో పట్టేవే తీసుకుంటారు."

కొలతలమ్మ మూడో అంతస్తు ఎక్కింది. వాళ్ళు నిజంగానే పొడవు, వెడల్పు అడిగి, అద్దాల పెట్టె చూపించారు. ఆమె మళ్ళీ దిగి వచ్చింది.

గుమాస్తా చెడ్డవాడు కాదు. ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, రెండు రోజులు వరసగా ఒకే కొలత చూపించండి. గురువారం ఒకసారి, శుక్రవారం నాలుగింటికి ఒకసారి నేనే వస్తాను. ఒక్క అంగుళం తేడా లేకపోతే సంతకం నా పూచీ."

ఈ మాట విని వడ్రంగి పెరట్లోంచి ఎనిమిది టేకు దిమ్మెలు తెచ్చాడు. వెనక గోడ అడుగున వరసగా పెట్టి, సుత్తితో బిగించాడు. ప్రతి దెబ్బకీ గోడ మీద చెయ్యి వేసి, "రెండు రోజులే పెద్దమ్మా, ఓర్చుకో," అన్నాడు.

గురువారం గుమాస్తా చూస్తుండగా కొలిచారు. ముప్పై ఎనిమిది అడుగుల ఏడంగుళాలు. కొలతలమ్మ మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ అదే. గుమాస్తా నవ్వుతూ వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున ఒక్క కిటికీ కూడా తెరుచుకోలేదు. వడ్రంగి ఉలి పెట్టినా రెక్క ఊడలేదు. కెరటాలు వచ్చి వరండా మెట్టును తాకుతున్నాయి, మేడ మాత్రం కదల్లేదు. లోపల గార పొడిపొడిగా రాలుతోంది. మధ్యాహ్నానికి హాలు గోడ మీద వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. రెండింటికి అందులో గోరు పట్టింది. మూడింటికి తలుపు పైన ఎర్రటద్దం టప్పుమని పగిలింది.

"బాబాయ్, దిమ్మెలు తీసెయ్యి," అంది కొలతలమ్మ.

"ఇంకొక్క గంటమ్మా. ఆయనొచ్చి సంతకం పెట్టేస్తే తీసేద్దాం."

"గంటలో ఈ గోడ ఉంటుందా?"

వడ్రంగి గోడకేసి చూశాడు.

"ఫొటో కోసం పిల్లాణ్ణి కదలకుండా రెక్క పట్టుకుని నిలబెట్టినట్టుంది," అంది ఆమె. "ఫొటో బాగానే వస్తుంది. రెక్క కమిలిపోతుంది. మూడు నెలలుగా ఆ ఫారం చుట్టూ తిరిగి తిరిగి నాకూ బుద్ధి పోయింది. కదలడమే దీని ప్రాణం కదా, కదలకుండా చేసి ఏం కాపాడతాం?"

వడ్రంగి ఇంకా గోడకేసే చూస్తున్నాడు. ఆమే సుత్తి తీసుకుంది. మొదటి దిమ్మె ఊడేసరికి చెమటలు పట్టాయి. రెండోదానికి వడ్రంగి వచ్చి ఆమె చేతిలోంచి సుత్తి అందుకున్నాడు. ఎనిమిదోది ఊడగానే మేడ ఆరంగుళాలు వెనక్కి జరిగి, చాలాసేపు ఏడుపు బిగబట్టిన పిల్ల వదిలినట్టు ఒక్క ఊపిరి వదిలింది. కిటికీల బద్దలన్నీ ఒక్కసారిగా వాలాయి.

నాలుగింటికి గుమాస్తా కొలిచాడు. ముప్పై ఎనిమిది అడుగుల ఒక అంగుళం.

"ఏంటమ్మా ఇది! నేను పైవాళ్ళకి మాట కూడా ఇచ్చాను!"

"తిరస్కరించండి సార్. కానీ కారణం రాసివ్వండి."

అతను విసుగ్గా వరండా గట్టు మీద కూర్చుని రాశాడు: 'ఈ కట్టడం కదులుచున్నందున స్థిరాస్తి కాదని నిర్ధారించడమైనది.'

"తేదీ వేయండి. ముద్ర కూడా."

"తిరస్కరణకి ముద్రేంటమ్మా, పెళ్ళి శుభలేఖలాగా?"

"నాకు అలవాటు సార్. అది లేకపోతే నిద్ర పట్టదు."

అతను సంచీలోంచి ముద్ర తీసి, ఊది, గట్టిగా కొట్టాడు.

సోమవారం కాంట్రాక్టరు యంత్రంతో వచ్చాడు. వడ్రంగి అప్పటికే ఉలులు, రంపాలు గోనెసంచీలో కట్టి వీధి అరుగు మీద పెట్టుకున్నాడు. కొలతలమ్మ కాంట్రాక్టరు చేతిలోని కాగితం అడిగి తీసుకుంది. మూడుసార్లు చదివింది.

"ఇందులో 'సదరు స్థిరాస్తిని కూల్చుటకు' అని ఉంది."

"అవును. అయితే?"

"ఇది స్థిరాస్తి కాదు." ఆమె శుక్రవారం కాగితం తీసింది. "మా శాఖ తేల్చింది. ముద్ర కూడా ఉంది."

"తమాషాలు చేయకండి మేడమ్! నిలబడే ఉంది కదా, కళ్ళు కనబడటంలేదా?" అని అతను వెనక మెట్టుకు ఆనించి సున్నంతో ఒక గీత గీశాడు. "ఇదిగో, ఇక్కడుంది. ఎక్కడికి పోతుంది?"

పెద్ద కెరటం ఒకటి నీళ్ళలోని గేటు మీంచి విరిగి వచ్చి వరండా కిందికి పాకింది. మేడ మూరెడు వెనక్కి జరిగింది. సున్నపు గీత మెట్టు కిందికి వెళ్ళిపోయింది.

"ఛ! ఇప్పుడే జరగాలా దీనికి!" అన్నాడు కాంట్రాక్టరు. యంత్రం నడిపేవాడు గీతకేసి, కాగితానికేసి చూసి, "రేపు నన్ను అడుగుతారు సార్, నా వల్ల కాదు," అని యంత్రం ఆపేశాడు.

కాంట్రాక్టరు తిట్టుకుంటూ శాఖకు వెళ్ళాడు. గుమాస్తా ముద్ర తనదేనని ఒప్పుకోక తప్పలేదు. స్థిరాస్తి కాకపోతే మరేం ఆస్తి అన్న ప్రశ్న మూడో అంతస్తుకు వెళ్ళి, పై అధికారి దగ్గర ఆగింది. ఆయన ఎర్రసిరాతో రాశాడు: 'తేలేవరకు ఎవరూ ముట్టుకొనరాదు.'

అది రాసి నాలుగేళ్ళయింది. కొలతలమ్మ నెలనెలా వచ్చి మూడుసార్లు కొలిచి పంపుతుంది. కొలత తేడా ఉందని గుమాస్తా నెలనెలా తిప్పి పంపుతాడు. ఎప్పుడైనా ఆలస్యమైతే అతనే ఫోను చేసి, "ఏమ్మా, ఈ నెల తప్పు లెక్క ఇంకా రాలేదే," అని కంగారు పడతాడు.

వడ్రంగి ఆ సోమవారమే గోనెసంచీ విప్పుకుని, పగిలిన అద్దం చోట కొత్తది బిగించాడు. సరైన ఎరుపు దొరకలేదు, కాస్త నారింజ రంగుది. దర్జీ మాత్రం పోయిన వారం కొట్టు సామాను సర్దుకుని, కుట్టుమిషనుతో సహా మేడ వరండాలోకి మారాడు.

"ఎలాగూ నా మీదికే వస్తోంది," అన్నాడు. "నేనే ఎదురెళ్ళాను."