కూత పెట్టని సైరన్

నేనొక ప్రోగ్రామును. తుప్పు పట్టడానికి ఇనుమూ, చెదలు పట్టడానికి చెక్కా నా ఒంట్లో లేవు, ఉన్నవన్నీ అక్షరాలే. నన్ను రాసిన ప్రసూన "ఇది ఏ కంప్యూటర్‌లో వేసినా నడుస్తుందండీ" అని అందరికీ గొప్పగా చెప్పేది. విని నేనూ పొంగిపోయాను. అసలు సంగతి వేరు. నా మాట ఏ యంత్రానికీ నేరుగా అర్థం కాదు. దుబాసీ ఒకడు పక్కనుండి, నన్ను ఒక్కో వాక్యమే చదివి యంత్రానికి చెప్పాలి. ఆ దుబాసీ కూడా ఇంకొక ప్రోగ్రామే. వాడు లేకపోతే నేను మూగదాన్ని.

నాకు కొలువు ఒక రొయ్యల ఫ్యాక్టరీలో కుదిరింది. అక్కడి చలిగదుల గొట్టాల్లో అమ్మోనియా పారుతుంది, పీలిస్తే ప్రాణం తీసే వాయువు. అది కారితే సైరన్ మోగించడమే నా పని. ఒకసారి కారింది. కూత పెట్టాను. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లంతా క్షేమంగా బయటపడ్డారు. వాళ్ల మేస్త్రి నూకరత్నం ఆ దసరాకు సైరన్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది. నాకు కాదు, సైరన్‌కు! మనుషులు అరిచేవాళ్లకే దండం పెడతారు. అప్పటినుంచి ఆమె తన ముక్కును కూడా నమ్మడం మానేసి, కూతనే నమ్ముకుంది.

కొన్నేళ్లకు పాత కంప్యూటర్ పాడైతే కొత్తది తెచ్చారు. సూపర్‌వైజర్ వరహాలబాబు నన్ను తెచ్చి అందులో పడేసి, "ఎక్కడైనా నడుస్తాదిలే" అని చేతులు దులుపుకున్నాడు. అందులోని దుబాసీ కొత్త తరం వాడు. నా పాతకాలపు మాట వాడికి తలకెక్కలేదు. మొదటి వాక్యం దగ్గరే నన్ను ఆపేశాడు. ప్రమాదం లేనప్పుడు నేను ఎలాగూ పలకను కాబట్టి, నా మౌనం చూసి అంతా క్షేమమే అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం గొట్టం పగిలింది.

"పిన్నీ, కళ్లు మండిపోతన్నాయి, ఎల్లిపోదాం పద," అంది నూకరత్నం అక్క కూతురు దేవుడమ్మ.

"కూత రాలేదు కదే. ఏదన్నా ఉంటే అదే కూత్తాది. కూకో," అంది నూకరత్నం.

పిన్ని మాట కాదనని పిల్ల, కూర్చుంది. ఊపిరాడక చివరికి అందరూ తలుపు వైపు పరుగెత్తారు. దేవుడమ్మ గుమ్మం దాటలేకపోయింది.

విచారణకు అధికారులు వచ్చారు. ప్రసూనను పిలిపిస్తే, ఏడుస్తూనే పాత దుబాసీని తెచ్చి నా పక్కన పెట్టింది. పరీక్ష కోసం మీట నొక్కారు. కూశాను. ఊరంతా వినపడేలా కూశాను.

"భేషుగ్గా పనిచేస్తోంది," అన్నారు అధికారులు.

గేటు బయట మట్టిలో కూలబడి ఉన్న నూకరత్నం తలెత్తి సైరన్ వైపు చూసింది.

"ఇప్పుడా, తల్లీ?" అంది.