రెండు మీటర్ల తేడా

శ్రీరామ్మూర్తి మూడోసారి లెక్క కట్టాడు. ఉక్కునగరం పంపుహౌసు నుంచి ఎనిమిదో సెక్టారు ట్యాంకు దాకా నూట యాభై మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న పోతయినుము గొట్టం. దాని గోడల రాపిడికి నీరు పోగొట్టుకునే ఎత్తు తొమ్మిది మీటర్లు. పాత గొట్టానికి పట్టికలో ఎంత గరుకుదనం రాసి ఉంటే అంతే తీసుకున్నాడు. ముప్పయ్యేళ్లుగా అలాగే తీసుకుంటున్నాడు. సంఖ్యను ఎర్ర సిరాతో దిద్దాడు.

"ఏటి బావా, కేలిక్లేటరుకి సెమటట్టేసిందా?" అన్నాడు పంపు నడిపే సూరన్న. "గంగాధరబావ సెవెట్టి ఇన్నాడు. పదకొండంట."

కిటికీ అవతల గంగాధరరావు వాల్వు తిప్పే ఇనుపకడ్డీని గొట్టానికి ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే గ్రేడు. అయినా మేడ మీదికి నీళ్లెక్కకపోతే క్వార్టర్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చేది గంగాధరరావు కోసమే. ఆ చెవికి వరముందని చెప్పుకుంటారు. శ్రీరామ్మూర్తి వరాలను నమ్మడు. నమ్మనిదాని మీద ఇంత కుళ్లు ఎందుకో అతనికి అంతుపట్టేది కాదు. వచ్చే నెల ఇద్దరికీ రిటైర్మెంటు. ఈలోగా ఒక్కసారైనా తన సంఖ్య నెగ్గాలి.

మధ్యాహ్నం తానే వెళ్లి రెండు కొసల్లోనూ ప్రెషరు గేజీలు చూసి వచ్చాడు. నేల ఎత్తుపల్లాలు తీసేశాక మిగిలింది సరిగ్గా పదకొండు.

గంగాధరరావు నవ్వలేదు. "నీ లెక్క తప్పు కాదు బావా, గొట్టమే మారిపోనాది. అన్నం తినొచ్చి నాను సూపిత్తాను."

ఆ దయ ఒంటికి కారం రాసినట్టయింది.

"అక్కర్నేదు" అన్నాడు శ్రీరామ్మూర్తి.

రెండున్నరకు సూరన్న టీకి పిలవడానికి వెళ్లాడు. గంగాధరరావు బెంచీ మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. కేరేజీలో అన్నం కలిపి ఉంది, ముద్ద ఎత్తలేదు. గుండె ఆగిపోయిందన్నారు ఆస్పత్రివాళ్లు.

సాయంత్రం లాకరు ఖాళీ చేసే పని శ్రీరామ్మూర్తికే పడింది. లోపల వరమేమీ లేదు. గొట్టపు ముక్కలున్నాయి. మరమ్మతు జరిగినప్పుడల్లా కోసి దాచిన ఇనుప వలయాలు. ఒక్కోదాని మీద తెల్ల పెయింటుతో సెక్టారు, సంవత్సరం. ఎనిమిదో సెక్టారు ముక్క తీసి స్కేలు పెట్టాడు. లోపల చుట్టూ మూడు మిల్లీమీటర్ల తుప్పు పేరుకుని, నూట యాభై కాస్తా నూట నలభై నాలుగైంది. ఆ కొలతతో మళ్లీ కట్టాడు.

పదకొండు.

మిగతా ముక్కలన్నీ సంచిలోకి వెళ్లాయి. ఆ ఒక్కటి బల్ల మీద, పొద్దుటి కాగితం మీద ఉండిపోయింది; దాని లోపలి నుంచి రాలిన తుప్పు ఎర్ర సిరా తొమ్మిదిని సగం కప్పేసింది.