నూకరత్నం మొట్టి చూసిన తుపాకీ

నేను ఒక జంటగొట్టాల తుపాకీని. దొరల సీమలో పుట్టాను, గోదావరి ఒడ్డున తుప్పు పట్టాను. ఈ రెంటి మధ్యా నన్ను పట్టుకున్న చేతుల గురించి చెప్పమంటే మర్యాదైన మాటలు తక్కువే వస్తాయి. ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ననొద్దు.

నన్ను చేసిన ముసలాయన రెండు గొట్టాలనూ పక్కపక్కన పెట్టి అతికించడానికే నెలల తరబడి కూర్చున్నాడు. అక్రోటు కర్రను నునుపు చేసి చేసి తన అరచేతి గీతలు అరగదీసుకున్నాడు. అంతా అయ్యాక నా ఒంటిమీద ఆయన పేరు చెక్కారా? లేదు. ఆ గదిలోకి ఒక్కసారైనా తొంగిచూడని కంపెనీ యజమాని పేరు చెక్కారు. మనుషులంటే నాకు మంట పుట్టడం అక్కడే మొదలైంది.

ఓడెక్కి వచ్చి ఒక చిన్న జమీందారు చేతిలో పడ్డాను. జమీ చిన్నదే గాని మీసం పెద్దది. ఆయన నాతో జీవితంలో కొట్టినవి రెండు బాతులు, ఒక గేదె. బాతులు ఎగరడానికి బద్ధకించాయి. గేదె ఆయన రైతుదే. సందెవేళ చెరుకుతోటలో అడవిపంది అనుకుని కాల్చాడు. "ఈ తుపాకీ గురి చెడిందిరా" అన్నాడు మర్నాడు కచేరీలో. గురి నాదట! కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ అనుకున్నది ఆయన, చెడ్డపేరు నాకు.

అదైనా సహిస్తాను. దసరా మాత్రం సహించలేను. ఆయుధపూజ నాడు నన్ను పీట మీద పడుకోబెట్టి గొట్టాలకు నిండా పసుపు రాసేవారు, కుంకుమ అద్దేవారు, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు నా మీదే చిలకరించేవారు. నాకు కళ్ళు చెమర్చేవి. ఇంత గౌరవం నన్ను కన్న ఊళ్ళో కూడా జరగలేదు కదా అనుకునేదాన్ని. అయితే, దేవతను చేసిన వాళ్ళకు తుడవడం గుర్తుండేది కాదు. పూజ అయిపోగానే పులిహోర మీదికి పోయేవారు. నేను ఆ తడితో, ఆ పసుపుతో, సంక్రాంతి దాటేదాకా గోడకు వేలాడేదాన్ని. నా ఒంటిమీద ఇవాళ కనిపించే గుంటలు ఏ యుద్ధంలోనూ పడ్డవి కావు. కొబ్బరినీళ్ళ వల్ల పడ్డవి. ఏ తుపాకీకీ ఇంత సిగ్గుమాలిన చరిత్ర ఉండదు.

జమీందారు పోయాక ఆయన కొడుకు ప్లీడరుగారి పాలబడ్డాను. ఆయన నన్ను ఒక్కసారీ పేల్చలేదు. నా నంబరు, నా గొట్టం పొడవు, అన్నీ లైసెన్సు పుస్తకంలో చూసి మురిసిపోయేవాడు. ఆయన కాలంలోనే నాకు జైలు అలవాటైంది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలట. అసెంబ్లీ అన్నారు, లోపలికి. పార్లమెంటు అన్నారు, లోపలికి. పంచాయతీ, మునిసిపాలిటీ, మధ్యలో ఎవరైనా కాలం చేస్తే ఉప ఎన్నిక. సారా పంచినవాడు బయట, చీరలు పంచినవాడు బయట. రెండు బాతుల్నీ ఒక గేదెనూ తప్ప ఎవరినీ చంపని నేను లోపల!

అలాంటి ఒక ఎన్నికల్లో నన్ను మూడు ముక్కలుగా విప్పి, గోనెసంచిలో చుట్టి, స్టేషను మూలగదిలో పడేశారు. ఫలితాలొచ్చాయి, ప్రమాణస్వీకారాలయ్యాయి, ప్లీడరుగారికి నేను గుర్తురాలేదు. ఈలోగా ఒక కందిరీగ వచ్చి నా ఎడమగొట్టంలో, తూటా పెట్టే వైపు నుంచి జానెడు లోపల, మట్టిగూడు కట్టుకుంది. దాని మీద నాకు కోపం లేదు. ఆ ఏడాది మొత్తం నాతో పని పడిన జీవి అదొక్కటే.

తిరిగి ఇంటికొచ్చిన నెలకు ప్లీడరుగారి అమ్మాయి పెళ్ళి. ఊరేగింపులో పెళ్ళికొడుకు మేనమామ నన్ను లాక్కుని, గొట్టంలోకి ఒక్కసారి కూడా చూడకుండా, ఆకాశానికి ఎత్తి పేల్చాడు. గూడు అడ్డుపడింది. గొట్టం పగల్లేదు గాని అక్కడ ఉబ్బింది. రెండు గొట్టాలనూ కలిపిన అతుకు లోపల్లోపల విడిపోయింది. మేనమామ చెవులు మూడు రోజులు మోగాయి. ఆ మోగుడు ఆయనకు శాశ్వతంగా ఉండిపోవాల్సిందని నా అభిప్రాయం.

అప్పుడు నన్ను ఎవరికి చూపించారనుకుంటున్నారు? తుపాకులు బాగుచేసేవాడికా? కాదు. వీధిలో ఇత్తడి బిందెలకు సొట్టలు తీసేవాడికి. అతను నా పొట్టను సుత్తితో లోపలికి కొట్టి, ఆకురాయి పట్టి, చదును చేసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఉబ్బు పోయింది. దానితో పాటు ఇనుమూ పోయింది. ఇప్పుడు అక్కడ నా గొట్టం అప్పడమంత పల్చన. తుపాకీ ఎత్తిన మనిషి ఎడమచెయ్యి ఆనేది సరిగ్గా ఆ చోటే. ఈసారి ఎవరైనా పేలిస్తే ఆ చెయ్యి ఉండదు. ఈ సంగతి నాకు తెలుసు. నాకు నోరు లేదు.

ప్లీడరుగారు పోయాక ఆయన భార్య నన్ను రాజమండ్రిలో తుపాకుల దుకాణం జగ్గప్పగారికి ఇచ్చేసింది. జగ్గప్పగారు బంగారం లాంటి మనిషి, అమ్మకం జోలికి వెళ్ళనంతసేపు. వచ్చిన రోజే నా ఎడమగొట్టాన్ని వెలుగుకు పెట్టి చూశాడు. "అబ్బే" అన్నాడు. తరవాత బూటు పాలిషు డబ్బా తీశాడు. పైన నల్ల పాలిషు, లోపల చిక్కటి నూనె. నూనె పట్టించిన గొట్టంలోకి చూస్తే గుంటలు కూడా అద్దాల్లా మెరుస్తాయి. ఎనిమిదేళ్ళు ఆ వేషంతో అరలో నిలబడ్డాను. వచ్చినవాళ్ళంతా కొత్తవి కొనుక్కుపోయారు. నా పక్కన ఇక్కడి ఫ్యాక్టరీలోనే పుట్టిన ఒక ఒంటిగొట్టం ఉండేది. కర్రకు పాలిషు కూడా సరిగా లేని మొద్దు. దాని పక్కన నన్ను నిలబెట్టడం! చివరికి, ఎవరి చెయ్యి పోయినా సరే, అమ్ముడుపోతే చాలు అనిపించే స్థితికి వచ్చాను. దాచడం దేనికి?

అప్పుడు వచ్చారు మిలిట్రీ అబ్బులుగారూ, ఆయన భార్య నూకరత్నమూ.

అబ్బులుగారు ఇరవై రెండేళ్ళు సైన్యంలో చేసి వచ్చిన మనిషి. కాకినాడలో ఒక బ్యాంకు ముందు కాపలా ఉద్యోగం ఖాయమైంది. కాపలావాడు తన సొంత తుపాకీ తెచ్చుకోవాలి, ఒకటో తారీకుకల్లా చేరాలి. లైసెన్సు వచ్చింది గాని, దాని మీద తుపాకీ కొనడానికిచ్చిన గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. కొత్త జంటగొట్టం వాళ్ళకు అందే ధర కాదు.

"ఈ ఉద్యోగం ఈయనకన్నా నాకు ఎక్కువ అవసరమండి" అంది నూకరత్నం స్టూలు మీద కూర్చుంటూ. "రెండేళ్ళ నుంచీ ఇంట్లోనే ఉన్నారు. పప్పుల డబ్బాలకి నంబర్లేసేశారు. పొద్దున్నే గిన్నెలన్నీ వరసలో నిలబెట్టి తనిఖీ చేత్తారండి. మొన్న గరిటె కనపడకపోతే నన్ను రిపోర్టు రాసిమ్మన్నారు."

"క్రమశిక్షణంటే నీకు నవ్వులాటే" అన్నాడు అబ్బులుగారు.

జగ్గప్పగారు నన్ను తీసి రెండు చేతుల మీదా పెట్టి అందించాడు, పసిబిడ్డను అందించినట్టు. "దొరల కాలం సరుకు, మిలిట్రీగారూ. ప్లీడరుగారు రోజూ తన చేత్తో తుడిచేవారు."

ప్లీడరుగారు! తుడవడం! నాకు నోరుంటే ఆ దుకాణం అద్దాలు పగిలేవి.

అంతలో అబ్బులుగారు నన్ను భుజానికెత్తాడు. ఏం చెప్పను? డెబ్బై ఏళ్ళలో నన్ను ఎత్తాల్సినట్టు ఎత్తిన మొదటి మనిషి. నా కర్ర మడమ ఆయన భుజంలో కుదురుకుంది. చెంప కర్రకు ఆనింది. ఎడమచెయ్యి వచ్చి ఆ పల్చటి చోటు కింద వెచ్చగా ఆగింది. ఎవరి చెయ్యి పోయినా సరే అనుకున్నాను కదా, ఆ మాట అక్కడే వెనక్కి తీసుకున్నాను. ఇన్నాళ్ళకు దొరికిన చెయ్యి ఇది, దీన్నే తినేయాల్సిన దాన్ని నేను. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఆయన నన్ను మడిచి గొట్టాల్లోకి చూశాడు. నూనె మెరిసింది. "అద్దంలా ఉందే రత్నం! తీసుకుందాం."

"ఉండండి" అంది ఆవిడ.

"ఉండేదేంటి? ఇరవై రెండేళ్ళు తుపాకీ పట్టుకున్నాను. నాకు తెలీదా?"

"సర్కారోళ్ళిచ్చింది పట్టుకున్నారు. ఎప్పుడైనా మీరు కొన్నారా? ఉప్పు కొనమంటేనే తడిసిన పేకెట్టు తెచ్చే మనిషి!"

జగ్గప్పగారు నవ్వుతూ నన్ను విప్పి గొట్టాలను బల్ల మీద పెట్టాడు, లోపల చూసుకోమన్నట్టు. నూకరత్నం లోపల చూడలేదు. గొట్టాల కింద కొక్కెంలాంటిది ఒకటి ఉంటుంది, దాన్ని చూపుడువేలికి తగిలించుకుని గాలిలో వేలాడదీసింది. రెండో చేతి వేలికణుపుతో ఠపీమని ఒక మొట్టికాయ వేసింది. కుండ కొనేటప్పుడు వేస్తారే, అలా.

నాకు ఒళ్ళు మండిపోయింది. సీమ ఇనుముకు సంతకుండ పరీక్షా! నిజానికి బాగున్న గొట్టాలైతే గుడిగంటలా ఖంగుమనాలి. ముసలాయన నన్ను పూర్తిచేసిన రోజు మొదట చేసిన పనీ అదే. అయినా కోపం కోపమే. ఖంగుమందామని శతవిధాల ప్రయత్నించాను. 'డబ్' అన్నాను.

ఆవిడ ఇంకోసారి మొట్టింది. 'డబ్'.

"ఇదేంటండీ బాబూ, బీటేసిన కుండలా మూగగా పలుకుతుంది?" అని, బొటనవేలితో ఎడమగొట్టాన్ని కొసదాకా రాసుకుంటూ పోయి ఒకచోట ఆగిపోయింది. "ఇక్కడ సొట్ట తీయించారు. మా ఇంట్లో బిందెకి తీయించినచోట కూడా ఇలాగే తగుల్తాది. ఆర్నెల్లకి అక్కడే చిల్లి పడింది."

జగ్గప్పగారి నవ్వు కొంచెం జారింది. సర్దుకున్నాడు. "చెల్లెమ్మా, ఒక మాట చెబుతా. బ్యాంకు కాపలాలో తుపాకీ పేల్చిన మొనగాణ్ణి నేనింతవరకూ చూడలేదు. భుజాన కనపడాలి, అంతే. కనపడ్డానికి దీన్ని మించింది జిల్లాలో లేదు."

చూశారా? ఇంత బతుకూ బతికి, నేను పేలక్కర్లేదట! చీపురుకట్ట భుజాన వేసుకున్నా సరిపోతుందన్నట్టే కదా! అబ్బులుగారికి మాత్రం ఆ మాట నచ్చినట్టుంది. ఒకటో తారీకు ఆయన కళ్ళ ముందు కదులుతోంది. "నిజమే కదే, ఎవడు పేలుస్తాడు..." అన్నాడు సగం సగంగా.

నూకరత్నం మొగుడి మొహంలోకి చూసింది. అప్పటిదాకా ఉన్న ఎకసెక్కెం ఆవిడ గొంతులోంచి పోయింది.

"వేరేవోళ్ళయితే పేల్చరండి. మీరు పేలుత్తారు. దొంగలొత్తే పక్కకి తప్పుకుని టీకొట్టు ఎనక దాక్కునే మనిషే అయితే ఈపాటికి కొనేసేదాన్ని. మీరు అలాంటోళ్ళు కాదు. అదే నా భయం."



తరవాత ఆవిడ జగ్గప్పగారి వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఒక పని చేద్దాం. దీన్ని ఎక్కడ పేల్చనిత్తే అక్కడికే వత్తాం. ఈయన పట్టుకోరు. మీరు పట్టుకుని ఎడమగొట్టం ఒక్కసారి పేల్చి చూపించండి. ఆ చేత్తోనే మా దగ్గర డబ్బు పుచ్చుకోండి."

జగ్గప్పగారి ఎడమచెయ్యి అప్పుడు నా గొట్టం మీదే ఉంది. ఎవరూ ఏమీ అనకుండానే ఆ చెయ్యి మెల్లిగా లేచి, బల్ల మీంచి దిగి, చొక్కా జేబులోకి వెళ్ళిపోయింది. అబ్బులుగారు ఆ చెయ్యినే చూస్తూ నిలబడ్డాడు. సైనికుడు కదా, వెనకడుగు గుర్తుపట్టగలడు.

"ఆ ఒంటిగొట్టం దించండి" అన్నాడు ఆయనే.

నా పక్కనున్న మొద్దును దించారు! నూకరత్నం దానికీ మొట్టికాయ వేసింది. వెధవది, ఖణేల్మంది. ఒంటిగొట్టంలో అతుకు ఉండదు, విడిపోవడానికి. అది గొప్పా? నా బాధ వినేవాడెవడు?

"బ్యాంకు ముందు ఒంటిగొట్టంతో నిలబడితే జనం నవ్వుతారే" అన్నాడు అబ్బులుగారు, నా వైపు ఒకసారి చూసి.

"నవ్వనియ్యండి. మీరు వంటింట్లో నిలబడితే నేను ఏడుత్తున్నాను."

కాగితాలు రాసుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం జగ్గప్పగారు గుడ్డముక్క తెచ్చి నా మీది పాలిషంతా గీకి గీకి తుడిచాడు. గుంటలన్నీ బయటపడ్డాయి. తూటాను పొడిచి పేల్చే సూదులు ఊడదీసి, నన్ను తన కుర్చీ వెనక గోడకు తగిలించి, కింద 'అమ్మకానికి కాదు' అని అట్టముక్క పెట్టాడు. ఇది పశ్చాత్తాపమో, మళ్ళీ ఎవరైనా ఆడమనిషి వచ్చి పేల్చి చూపించమంటుందన్న భయమో నాకు తెలీదు. ఎవరైనా నా గురించి అడిగితే "అది పేలకూడదండీ" అంటాడు. పేలడం రాదు అనడు. ఆ మాత్రం మర్యాద దక్కింది.

ఏడాది తిరిగాక అబ్బులుగారు తూటాలు కొనడానికి వచ్చాడు. ఒంటి మీద ఖాకీ, భుజాన ఆ మొద్దు. తూటాలు కొన్నవాళ్ళు రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఫ్యాను గాలికి కాగితం లేచిపోతుంటే ఎడమ అరచేతిని దాని మీద చాపి నొక్కిపట్టాడు. కుడిచేత్తో తాపీగా పేరు రాశాడు.

నేను పైనుంచి ఆ ఎడమచేతి వేళ్ళు లెక్కపెట్టాను. ఐదూ ఉన్నాయి. నమ్మకం లేక ఇంకోసారి లెక్కపెట్టాను.