ఆవడి రైలెక్కిన ఎనుము

ఆ జూన్ నెలలో సుగంధి టీచర్ చేసిన పని చాలా చిన్నది. తొమ్మిదో తరగతి యశశ్విని లేచి నిలబడి తెలుగు వాచకంలోని మూడో పాఠం గడగడా చదువుతోంది. ఆ పిల్ల వేలు ఒక వరుస మీద, నోరు మరో వరుస మీద ఉన్నట్టు సుగంధికి అనుమానం వచ్చింది. దగ్గరికి వెళ్ళి పుస్తకంలో నాలుగు ఆకులు ముందుకు తిప్పింది. యశశ్విని ఆగలేదు. కళ్ళు కొత్త పుట మీద ఉంచి, పాత పాఠాన్నే చివరి వాక్యం దాకా ఒక్క తప్పు లేకుండా చదివి కూర్చుంది.

"ఏ పాఠం చదివినావు యశశ్వినీ?"

"మూడోది టీచర్."

"నీ ముందరుండేది ఐదోది."

వెనక బెంచీ నుంచి గోకుల్ అందుకున్నాడు. "అది అంతే టీచర్. ఏ పుట తెరిచినా మూడో పాఠమే వస్తాది, రేడియో మాదిరి."

తరగతి అంతా నవ్వింది. యశశ్విని నవ్వలేదు. ఆమె సంచిలో నుంచి జారిన నోటుబుక్కును సుగంధి తీసి చూసింది. మూడో పాఠం మొత్తం అందులో ఉంది. మాటలు తెలుగువి, రాసిన అక్షరాలు తమిళానివి. మిగతా పదిమంది సంచులూ తెరిపించింది. పదకొండు మంది, పదకొండు నోటుబుక్కులు. కొన్నింటి మీద బడి విడిచి వెళ్ళిపోయిన పిల్లల పేర్లు ఇంకా చెరగలేదు.

ఇందులో ఆ పిల్లల తప్పు వెతకడం కష్టం. తిరుత్తణి చుట్టుపక్కల నేతవీధుల్లో వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే. గడప దాటితే బస్సు బోర్డు, ఫోను, సినిమా గోడపత్రిక, కొండ మీద పూజ చీటీ, అన్నీ తమిళంలోనే ఉంటాయి. తెలుగు పరీక్ష బడిలోనే నోటితో జరిగేది, ఏటా అవే ప్రశ్నలు వచ్చేవి కాబట్టి బట్టీ పడితే సరిపోయింది. బట్టీకి తమ కంటికి తెలిసిన లిపి సులువు కాబట్టి, ఎవరో ఒక అక్క మొదటిసారి అలా రాసుకుంది. అది ఒక తరగతి నుంచి మరో తరగతికి, ఆస్తి చేతులు మారినట్టు మారుతూ వచ్చింది. సుగంధిని లోలోపల కలవరపెట్టింది వేరే సంగతి. ఈ బడిలో చేరిన మొదటి ఏడే ఆమె అలాంటి నోటుబుక్కు ఒకటి చూసింది. ఆ ఏడు తెలుగులో అందరూ ఉత్తీర్ణులయ్యారు గనుక చూడనట్టు ఊరుకుంది. ఇవాళ్టి ఈ పదకొండు నోటుబుక్కుల్లో ఆ మౌనానికీ వాటా ఉంది.

ప్రధానోపాధ్యాయుడు ద్వారకనాథ్ సంగతంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "పిల్లలు పాసవుతా ఉండారు. ఎందుకమ్మా కెలకడం?"

"పాసవుతా ఉండారు సార్. చదవడం లేదు."

కెలకడమా మానడమా అన్న నిర్ణయం వాళ్ళ చేతుల్లో నిలవలేదు. జులై రెండో వారంలో తిరువళ్ళూరు నుంచి భాషల తనిఖీ అధికారి దేవేంద్రన్ వచ్చాడు. వాచకం పక్కన పెట్టి, తన సంచిలోని పాత కథల పుస్తకం తీసి, పిల్లల ముందు తెరిచాడు. మొదటి వాక్యం ఒక్కరూ చదవలేకపోయారు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే సుగంధికి కొంత తేలికగా ఉండేదేమో.

"ఫిబ్రవరిలో ఈ పదకొండు మందినీ తిరువళ్ళూరుకు పిల్చుకొని రాండి," అన్నాడు. "వాళ్ళెప్పుడూ చూడని పుట ఇస్తాను. చదవాల, సొంత మాటల్లో చెప్పాల, నేనడిగే ప్రశ్నకు జవాబియ్యాల. ఎనిమిది మంది చేస్తే ఈ తరగతి ఉంటాది. లేదంటే వచ్చే జూన్ నుంచి ఈ బడిలో తెలుగు ఉండదు. చదవని తరగతిని చదివేదిగా చూపించి నేను సంతకం పెట్టలేను టీచర్."

భయంలో తీసుకున్న నిర్ణయం గనుక సుగంధి తర్వాతి అడుగు తప్పింది. నోటుబుక్కులు పదకొండూ బీరువాలో పెట్టి తాళం వేసింది. గోడకు అఆల పటం తగిలించి పద్నాలుగేళ్ళ పిల్లల చేత పలకల మీద దిద్దించింది. పక్క తరగతి వాళ్ళు కిటికీలో నుంచి "అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు" అని పాడి పారిపోయేవారు. హర్షవర్ధన్ తల బల్ల మీద వాల్చి ఎత్తేవాడు కాదు. పదో రోజుకు యశశ్విని తెలుగు గంటకు రావడమే మానేసింది.

కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి పండుగ ఆడి కృత్తికకు ఊరంతా భక్తుల కావళ్ళతో నిండిపోయి బడికి సెలవిచ్చినప్పుడు, సుగంధి జనాన్ని తప్పించుకుంటూ యశశ్విని వాళ్ళ వీధికి వెళ్ళింది. ఇంటి ముందుగదిలో మగ్గం దగ్గర ఆ పిల్ల అవ్వ పచ్చయమ్మ కూర్చుని ఉంది. పక్కన చిప్పలో బూడిద. బూడిద అద్దుకున్న బొటనవేలు, చూపుడువేలు మధ్య రెండు పోగులు కలిసేవి, ఒక మెలిక పడేది, వేళ్ళు తర్వాతి జతకు పోయేవి.

"రా టీచరమ్మా. పోగుల మీద కాలెయ్యొద్దు."

"యశశ్విని యాడ అవ్వా?"

"యాడుంటాది, లోపల దాక్కోనుండాది. అంత బిడ్డ చేత పలక దిద్దించినావంటనే? నేనైతే నీ బడి తట్టు తిరిగి కూడా చూడను." అలా అంటున్నా ఆమె చేయి ఆగలేదు.

సుగంధి ఆ వేళ్ళ వైపు చూసింది. ఆమె పుట్టింది సరిహద్దు పల్లెలో, సేద్యం చేసే ఇంట్లో. మగ్గం పని ఇంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. నేత ముగిసిన పాత పడుగులోని నిలువు పోగుల కొసలు దువ్వెనలాంటి అచ్చు సందుల్లో అలాగే వేలాడుతున్నాయి. కొత్త పడుగులోని ఒక్కొక్క పోగునూ పచ్చయమ్మ ఆ కొసలకే అతుకుతోంది.

"ఆ పాతవి పీకేసి కొత్తవి నేరుగా ఎక్కించగూడదా అవ్వా?"

పచ్చయమ్మ నోరారా నవ్వింది. "ఎక్కించు, ఎవురొద్దన్నారు? మూడు వేల పోగులు. ఒక్కో సందూ ఎతుక్కుంటా వారం కూచో. పాత పోగుకు దోవ తెలుసమ్మా. దాని కొసకు అతికి ఈడిస్తే కొత్తదాన్ని అదే పిల్చుకొని పోతాది."

తాను బీరువాలో పెట్టి తాళం వేసినవి ఏమిటో సుగంధికి అప్పుడు తెలిసింది. ఆ పిల్లల నోట్లో పాఠాలు నిలిచి ఉన్నాయి. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో వాళ్ళకు తెలుసు. అతకడానికి పనికొచ్చే కొసలను ఆమే కత్తిరించేసింది.

లోపలి గది తలుపు వైపు తిరిగి గొంతు పెంచింది. "యశశ్వినీ, సోమవారం రా. నీ నోటుబుక్కు నీకిచ్చేస్తాను."

తలుపు సందులో సగం ముఖం కనిపించింది. "దాన్ని మర్చిపొమ్మంటిరి గదా టీచర్?"

"నేను చెప్పింది తప్పు."

సోమవారం బీరువా తెరుచుకుంది, అఆల పటం గోడ దిగింది. బట్టీ వచ్చిన మూడో పాఠాన్నే తెలుగు లిపిలో వాక్యాలుగా కత్తిరించి, చీటీలు కలిపేసి, వరుసలో పేర్చమంది. నోటికి తెలిసిన వాక్యం కాబట్టి కన్ను దాని వెంట నడిచింది. వాక్యంలో మాట, మాటలో అక్షరం దొరుకుతూ వచ్చాయి. అలా ఐదు పాఠాలు పూర్తయ్యేసరికి, ఎవరూ దిద్దించకుండానే, ముప్పాతిక అక్షరాలు పిల్లల వశమయ్యాయి.

పటం ఉన్న చోట ఆమె మూడు వాక్యాలు రాసింది. నేను చూడని పది వరుసల కథ చదివి చెప్పగలను. నేను చూడని పుట చదివి దాని మీద ప్రశ్న అడగగలను. చదవడం రాని ఒక మనిషికి చదివి వినిపించి, ఆ పైన ఏమైందని వాళ్ళ చేత అడిగించగలను. ఎవరికి ఏది చేతనైతే ఆ వాక్యం కింద వాళ్ళే తమ పేరు తెలుగులో రాసుకోవాలి. మార్కులు లేవు.

చదవడానికి కథ కావాలి. "ఎవురి గురించి రాద్దాం?" అని అడిగితే, గోకుల్ వాళ్ళ మాటలో ఎనుము అనే తమ ఇంటి గేదె గురించి రాయమన్నాడు. "రొంబ తెలివైంది టీచర్, గేటు అదే తీసుకుంటాది." అయితే అది ఎక్కడికి పోవాలి? "ఆవడికి," అన్నాడు హర్షవర్ధన్, నెల రోజుల్లో మొదటిసారి బల్ల మీద నుంచి తలెత్తి. మద్రాసు దారిలోని ఆ ఊళ్ళోనే వాళ్ళ మామ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆవడి రైలెక్కిన ఎనుము కథ అలా పుట్టింది. వారానికొక పుట. ఏం జరగాలో పిల్లలు తమ మాటల్లో చెప్పేవారు, సుగంధి రాసేది, సోమవారం అది కొత్త పుటగా వాళ్ళ చేతికే వచ్చేది. ఆ పుటలో వాళ్ళకు తెలియకుండా ఒక అబద్ధం కలిపేది. టికెట్టు అడిగింది కలెక్టరమ్మ అనో, ఎనుముకు ఐదు కాళ్ళనో. అబద్ధం పట్టాలంటే ప్రతి మాటా చదివి తీరాలి. చదవడంలో అందరికన్నా నెమ్మదైన హర్షవర్ధన్ అబద్ధం పట్టడంలో అందరికన్నా ముందుండేవాడు.

మరో ఆటకు పాత చీర తెరగా కట్టారు. ఇటువైపు వారు చీటీ చదివితే అటువైపు వారు విని బొమ్మ గీయాలి. ఒకనాడు ఆ కేకలకు ద్వారకనాథ్ వచ్చాడు.

"ఇది తరగతా, సంతా?"

"మీరూ ఒక చీటీ చదవండి సార్," అంది యశశ్విని.

ఆయన చీటీని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. "కండ్లద్దాలు తేలేదు."

"ముక్కు మీదనే ఉండాయి గదా సార్," అన్నాడు గోకుల్.

తెలుగు ఇంట్లో పుట్టిన ఆ పెద్దమనిషి కాసేపు చీటీని, కాసేపు గోకుల్‌ను చూసి, "మొదటి మాట ఏందిరా?" అని మెల్లగా అడిగాడు. ఆ రోజు నుంచి తెలుగు గంటకు ఆయన కూడా ఏదో ఒక నెపంతో వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. కేకల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఫిబ్రవరిలో తిరువళ్ళూరు కార్యాలయంలో దేవేంద్రన్ ఒక్కొక్కరికీ ఒక్కో పుట ఇచ్చాడు. గోకుల్ చదివాడు, చెప్పాడు, ఎదురు ప్రశ్న కూడా వేశాడు. హర్షవర్ధన్ ఒక్కో మాటా తడుముకుంటూ చాలాసేపు తీసుకున్నాడు, కానీ తుది దాకా వెళ్ళాడు. ముగ్గురు మధ్యలో నిలిచిపోయారు. పదిమంది అయ్యేసరికి గట్టెక్కినవారు ఏడుగురు. మిగిలింది యశశ్విని ఒక్కతే.

వానలో ఉత్తరాలు మోసుకుపోయే తపాలా మనిషి కథ అది. యశశ్విని చక్కగా చదువుతోంది. మరీ చక్కగా చదువుతోందని దేవేంద్రన్‌కు తోచినట్టుంది. చేయి చాచి, వాక్యం మధ్యలో ఉండగా ఆకు తిప్పేశాడు.

పిల్ల ఆగిపోయింది.

జూన్‌లో ఆగని ఆ గొంతు ఇప్పుడు ఆగిందని సుగంధి గమనించింది. యశశ్విని ఆకును వెనక్కి తిప్పింది.

"ఆ వాక్యం ఇంకా ముగియలేదు సార్. వాగు దగ్గర ఆ తపాలా ఆయప్ప నిలబడిపోయినాడు. దాన్ని ముగించి వస్తాను." ముగించింది. ఆకు తానే తిప్పి, కొత్త పుట మొదటి మాట నుంచి సాగింది.

"వాగు దాకా పోయినోడు ఎందుకు వెనక్కి వచ్చినాడు?" అని అడిగాడు దేవేంద్రన్.

"సంచి తడిస్తే ఉత్తరాలు చెడిపోతాయి సార్. తాను తడిస్తే పరవాలేదు. గొడుగు సంచికి పట్టేదానికి ఇంకొక మనిషి కావాల. ఆ మనిషిని పిల్చుకొని వచ్చేదానికి."

ఆయన కలం తీశాడు. ఎనిమిది అని అంకె వేసి, దాని కింద తెలుగులో ఒక వాక్యం రాసి సంతకం పెట్టి, కాగితాన్ని సుగంధి వైపు కాక పిల్లల వైపు తిప్పాడు. "చదువుకోండి." పదకొండు తలలు ఒక్కసారిగా దాని మీద వంగాయి. తెలుగు తరగతి కొనసాగును అన్న మాటలు పదకొండు గొంతుల్లో ఒకదాని వెనక ఒకటిగా, చివరికి ఆ ముగ్గురి గొంతుల్లో కూడా పలికాయి. కేకలకు పక్క గది గుమాస్తాలు లేచి వచ్చారు. వాళ్ళతో పాటు వచ్చిన ద్వారకనాథ్ చేయి పట్టి గోకుల్ ఊపేశాడు.

మర్నాడు సాయంత్రం సుగంధి ఆ నేతవీధికి వెళ్ళింది. మగ్గానికి మరో పడుగు ఎక్కుతోంది. పచ్చయమ్మ పోగులు అతుకుతోంది. చదవడం రాని ఆ అవ్వ ఎదుట నేల మీద కూర్చుని యశశ్విని చదువుతోంది. ఈసారి పుట సుగంధి రాసింది కాదు, ఆ పిల్ల సొంతంగా రాసింది. ఆవడిలో దిగిన ఎనుమును ఫ్యాక్టరీ కాపలాదారు గుర్తింపు కార్డు చూపమన్నాడు. ఎనుము అతని వైపు తలెత్తి చూసి నోరు తెరిచింది. అక్కడితో పుట అయిపోయింది.

మూడు వేల పోగుల మధ్య పచ్చయమ్మ చేయి ఆగింది. వేళ్ళ సందున రెండు కొసలు మెలిక పడక అలాగే నిలిచాయి.

"అదేమే, అట్ల నిలిపేసినావు? ఆ పైన ఏమాయె?"

యశశ్విని టీచరు వైపు చూసింది. మర్నాడు ఉదయం తరగతి గోడ మీద మూడో వాక్యం కింద మొదటి పేరు చేరింది.